గోడ అవతలి ఇనుము

నేను బరువులెత్తే జట్టులో చేరింది కొట్లాటకు పోయి. ఇప్పుడు చెబితే మా ఇంట్లో పిల్లలే నమ్మరు.

మా ఇల్లు మొఘల్‌పురాలో ఒక సన్నటి గల్లీ చివర ఉండేది. ఇల్లంటే ముందు చిన్న గుడి, దాని వెనక రెండు గదులు, పెరడు. తాతల నాటి నుంచి ఆ గుడిలో పూజ మా వాళ్లదే. పెరటి గోడకు అవతల ఎవరో నవాబుది పాడుబడ్డ దేవిడీ ఒకటి, దాని ఖాళీ జాగాలో కుస్తీల తాలీం. కుస్తీలు పట్టినన్నాళ్లు మాకు ఏ ఇబ్బందీ లేదు. మెత్తటి మట్టిలో మనిషి పడితే చప్పుడు ఎంతని? యాభైల్లో ఆ తాలీం ఉస్తాద్‌కు కొత్త పిచ్చి పట్టింది. గోదాలో సగం చదును చేయించి, చెక్కలు పరిపించి, ఒక ఇనుప కడ్డీ, దానికి రెండు వైపులా తగిలించే ఇనుప బిళ్లలు తెచ్చి పెట్టాడు. వాళ్లు ఎత్తినంతసేపు ఏమీ తెలిసేది కాదు. ఎత్తింది కింద పడేసినప్పుడే మా ఇల్లు అదిరేది.

ఒకరోజు సాయంత్రం మా నాన్న, మేము బాపు అని పిలిచేవాళ్లం, హారతి ఇస్తుండగా గోడ అవతల ధనామని చప్పుడైంది. దీపాలు వణికాయి. స్వామి నెత్తిమీది వెండి కిరీటం పక్కకు ఒరిగింది. బాపు హారతి పళ్లెం కింద పెట్టి, కిరీటం సర్ది, నావైపు తిరిగాడు.

"పో, పోయి అడుగు. దేవుని కిరీటం ఒరుగుతుంటే చేతులు కట్టుకొని కూసుందామా?"

అప్పటికి నేను ఇంటర్మీడియట్ రెండోసారి తప్పి, గుడి పనిలో బాపుకు చేదోడుగా ఉంటూ, ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నాను. ఏదీ ఒక కొలిక్కి వచ్చేది కాదు. ఒంట్లో కండ లేదు గానీ కోపానికి మాత్రం కరువు లేదు. చొక్కా తొడుక్కోకుండా, కండువా భుజాన వేసుకుని, గల్లీ చుట్టు తిరిగి తాలీంలోకి పోయాను. వెళ్తూనే అరిచాను. పూజల ఇల్లని తెలియదా అన్నాను, ఎనుముల్లాగా పెరిగారు, చప్పుడు చేయకుండా ఒక వస్తువు కింద పెట్టడం చేతకాదా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

లంగోటాలు కట్టుకున్న ఐదారుగురు మనుషులు నన్ను వింతగా చూశారు. వాళ్లలో ఎవరు ఊదినా నేను గోడవతల పడేవాణ్ణి. ఉస్తాద్ మాత్రం మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నాడు. నిజాం ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, తలకూ భుజాలకూ మధ్య మెడ ఉందో లేదో తెలియని శరీరం. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే లేచి, నా చుట్టూ ఒక చుట్టు తిరిగి, నా మణికట్టు రెండు వేళ్లతో పట్టి చూశాడు.

"ఎంత తూగుతవ్?" అన్నాడు.

"నేను అడిగిందేంది, మీరడిగేదేంది?"

"అరే, ఎంత తూగుతవో చెప్పు మియా, తర్వాత లొల్లి చెయ్."

నాకు తెలియదన్నాను. పక్కనే కట్టెల అడితి ఉంది. కట్టెలు తూచే పెద్ద కాంటాలో ఒక తట్టలో నన్ను కూర్చోబెట్టి, ఇంకో తట్టలో రాళ్లు వేశారు. కోపంతో మొదలై కాంటాలో తేలానేమిటా అని ఆలోచించే తీరిక కూడా ఇవ్వలేదు. రాళ్లు లెక్క చూసి ఉస్తాద్ ముఖం విప్పారింది. పక్కన నిలబడ్డ ఒక ఎత్తైన మనిషి భుజం మీద చరిచి, "మిల్ గయా" అన్నాడు. దొరికాడట.

సంగతేమిటంటే, వచ్చే ఎండాకాలం నగరంలోని తాలీంల మధ్య బరువులెత్తే పోటీ ఉంది. ఒంటి బరువును బట్టి తరగతులు, జట్టుకు ఒక్కో తరగతిలో ఒక్కో మనిషి, అందరివీ కలిపి లెక్క. వీళ్లకు అన్ని తరగతులకూ మనుషులున్నారు, ఒక్క అన్నిటికన్నా తేలిక తరగతికి తప్ప. పాలూ బాదం తిని పెరిగిన కుస్తీ తాలీంలో బక్కవాడు ఎక్కడ దొరుకుతాడు? అలా నా జీవితంలో మొదటిసారి నా బక్కతనం ఒకరికి పనికొచ్చింది.

"మరి చప్పుడు సంగతి?" అన్నాను, వచ్చిన పని మరవకుండా.

"గోడ కాడికి నడువ్. మీ బాపుతో నేనే మాట్లాడుత."

గోడ మనిషి కన్నా ఎత్తు. ఇవతల ఉస్తాద్, అవతల బాపు, ఒకరికొకరు కనపడకుండానే మాట్లాడుకున్నారు. ఉస్తాద్ బయటి మనుషులతో తెలుగే మాట్లాడేవాడు, మధ్యలో ఉర్దూ కలిసిపోయేది.

"అయ్యగారూ, గల్తీ మాదే. మీ పూజ టైమెప్పుడో చెప్పుండ్రి."

"దీపం పెట్టినాంక గంట కొడ్త. హారతి అయ్యేదాంక కొడ్త."

"బస్. మీ గంట ఇనవడంగనే ఎవని చేతుల ఏమున్నా చప్పుడు కాకుంట కింద పెడ్తడు. గంట ఆగేదాంక ఇనుము కదలదు. నా జబాన్, మాటిస్తున్న. ఒక్క షరతు. మీ పిల్లగాన్ని మాకియ్యుండ్రి."

బాపు కోపమంతా నేను ఇంటికి పోయాక బయటపడింది.

"లొల్లి వెట్టి రమ్మని పంపితే కాంటా ఎక్కి వచ్చినవా?"

అమ్మ అడ్డుపడింది. "పోనియ్యుండ్రి. ఒళ్లన్న చేస్తడు."

"ఒళ్లు చేస్తే వాళ్లకు పనికిరాడట. గింత తెలివి తక్కువ ఆట నేనేడ సూడలే." బాపు కాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి తేల్చాడు. "ఆ పోటీ దాంక పో. ఆడ ఏదన్న చేసి చూపెట్టినవా, సరే. పరీక్షల తీర్గ గాడ గూడ తప్పినవా, ఇగ గోడ అవతలికి పోవుడు లేదు. ఇంట్ల నూనె దీపాలు చూసుకుంట ఉండు."

నేను ఒప్పుకున్నాను. ఆ మాటలో నాకు బాగా గుచ్చుకుంది 'పరీక్షల తీర్గ' అనేదే. అది తప్పని చూపించాలని ఆ రాత్రే పంతం పట్టాను.

తాలీంలో కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది ఎత్తడం అనుకుంటారు కదా. మా తాలీంలో అప్పటినుంచి మొదట నేర్పింది దించడం. గంట షరతు వచ్చింది నా వల్లే కనుక దాని మొదటి శిక్ష కూడా నాకే. కడ్డీకి చిన్న బిళ్లలు తగిలించి, ఇద్దరు ఎత్తి నా రెండు చేతుల్లో తల మీద పెట్టేవాళ్లు. దాన్ని నేను రొమ్ము మీదికి, అక్కడినుంచి తొడల మీదికి, అక్కడినుంచి చెక్కల మీదికి, పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు చేర్చాలి. టక్కుమంటే మళ్లీ మొదటినుంచి. నడుము విరిగినంత పనయ్యేది. పైనుంచి పడేసే అలవాటున్న పెద్దవాళ్లు కూడా ఇదంతా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. నన్ను చూసినప్పుడల్లా ఎవరో ఒకరు "అంతా నీ నోటి పుణ్యం" అని సణిగేవారు.

నాతో నవ్వుతూ మాట్లాడింది ఆ ఎత్తైన మనిషి ఒక్కడే. రైల్వేలో ఫిట్టరు, క్రైస్తవుడు, దబీర్‌పురా స్టేషను దగ్గర ఇల్లు. డ్యూటీ దిగి, గోళ్లలో గ్రీజుతో నేరుగా తాలీంకే వచ్చేవాడు. జట్టులో అందరికన్నా ఎక్కువ ఎత్తేది అతనే. నన్ను చిన్న పంతులు అనేవాడు. కడ్డీ ఎలా పట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, మోకాళ్లు ఎప్పుడు వంచాలో అతనే నేర్పాడు. గంట వినపడగానే అందరికన్నా బుద్ధిగా చేతులు కట్టుకుని తల వంచి నిలబడేవాడు.

"నాకేం ఫికర్ లేదు పంతులూ. గంట కొడితే ఊకె నిలవడుడు మాకు ప్రతి ఆదివారం అలవాటే" అనేవాడు.

పోటీలో ఎత్తవలసినవి మూడు రకాలు. మొదటిది రొమ్ము మీదికి తెచ్చి, కాళ్లు కదపకుండా చేతుల బలంతోనే తల మీదికి నెట్టడం. రెండోది నేల మీదనుంచి ఒక్క ఊపున తల మీదికి. మూడోది రెండు విడతల్లో, ముందు రొమ్ము మీదికి, తర్వాత కాళ్లు చాచి పైకి. ఏదైనా సరే, పైన కదలకుండా పట్టుకుని నిలబడి, రెఫరీ "డౌన్" అన్నాకే దించాలి. ఒక్కొక్కదానికి మూడు అవకాశాలు. ఒక్క రకంలో ఒక్కటీ ఎత్తకపోతే మిగతావి ఎత్తి కూడా దండగే, మనిషి లెక్క సున్నా.

ఉస్తాద్ నన్ను రోజూ కట్టెల కాంటా ఎక్కించేవాడు. ఇంట్లో అమ్మ సంగతి వేరు. కొడుక్కి ఆకలి పుట్టిందని ఆమె సంతోషం పట్టలేకపోయేది. ప్రసాదం దద్ధోజనంలో నెయ్యి పోపు, పప్పులో నెయ్యి, చివరికి చారులో కూడా నెయ్యి. ఒకసారి కాంటాలో ఒక రాయి ఎక్కువ పడింది. ఉస్తాద్ తిన్నగా గోడ దగ్గరికి పోయి, "అమ్మా, జర నెయ్యి తక్కువ!" అని కేక పెట్టాడు. నన్ను ఆదివారం పొద్దున చాంద్రాయణగుట్ట దాకా పరుగెత్తించాడు. అప్పట్లో అటువైపు రోడ్డు మీద మనిషి కనపడటమే గగనం. ఒళ్లు పెరగకుండా బలం పెరగాలట. అది ఎలాగో ఉస్తాద్‌కే తెలియాలి, కానీ నాలుగైదు నెలల్లో నా భుజాలు నాకే కొత్తగా కనిపించాయి. బిందె ఎత్తి బావి గట్టు మీద పెడితే అమ్మ వింతగా చూసేది. నేను ఒక పని చేయగలనని నాకు మొదటిసారి తోచింది ఆ రోజుల్లోనే. ఆ తాలీం పోతే మళ్లీ దరఖాస్తులూ నూనె దీపాలే అని తలుచుకుంటే భయం వేసేది.

ఒక్క అనుమానం మాత్రం నన్ను పీకుతుండేది. బాపు గంట సరిగ్గా నేను ఎత్తినప్పుడే మోగేది. మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి, నాకు రోజూ. నా మూలుగు బాపుకు తెలుసు. చిన్నప్పుడు జ్వరాలతో పడుకున్న కొడుకు మూలుగు ఏ తండ్రికి తెలియదు? అది వినపడగానే గంట అందుకుంటున్నాడని నా నమ్మకం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కావాలనే కొడుతున్నవు గదా?"

"దేవునికి టైమున్నది. నీ కడ్డీకి ఉన్నదా?" అన్నాడు బాపు, ఒత్తులు చేసుకుంటూనే.

పోటీ ఒక బడి హాలులో, ఏప్రిల్ సాయంత్రం. వేదిక మీద బల్లచెక్కలు, ముందు కుర్చీలో రెఫరీ, అటూ ఇటూ ఇద్దరు. ఎండకు కిటికీలన్నీ తీసి ఉన్నాయి. మా జట్టు ఒక పక్క బెంచీల మీద వరుసగా కూర్చుంది. బరువు చూసేటప్పుడు అమ్మ నెయ్యి నన్ను ముంచలేదు, కాంటా ఎక్కి బయటపడ్డాను. తేలిక తరగతి కనుక అందరికన్నా ముందు మా వంతే.

మొదటి రకం నెట్టాను. రెండోది మొదటి రెండుసార్లూ జారింది, మూడోసారి నిలిచింది. ఉస్తాద్ బెంచీ మీద నుంచే మీసం దువ్వాడు. మూడో రకంలో మొదటిసారి రొమ్ము దాకా వచ్చి ఆగింది. రెండోసారి పైదాకా పోయి వెనక్కి పడిపోయింది. ఒక్క అవకాశం మిగిలింది. ఇది పోతే నేను ఎత్తినవన్నీ పోతాయి, జట్టుకు ఒక మనిషి లెక్క పోతుంది, నాకు తాలీమే పోతుంది. ఫిట్టరు వేదిక అంచు దాకా వచ్చి, "ఊపిరి పంతులూ, ఊపిరి మరవకు" అన్నాడు.

వంగాను, పట్టాను, రొమ్ము మీదికి తెచ్చాను. ఒక్క క్షణం ఆగి పైకి విసిరి కాళ్లు చాచాను. చేతులు తాళం పడ్డట్టు బిగుసుకున్నాయి. కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడ్డాను. ఊగలేదు, వణకలేదు. అంత బరువు అంత కుదురుగా ఎన్నడూ నా నెత్తిన నిలవలేదు. రెఫరీ నా పాదాలు చూస్తున్నాడు, అనబోతున్నాడు.

అప్పుడు కిటికీ అవతల రోడ్డు మీద గంట మోగింది. కుల్ఫీ బండి వాడి ఇత్తడి గంట. గణగణ గణగణ, అచ్చం బాపు చేతి గంట.

నేను దించేశాను.

పడేయలేదు, దించాను. రొమ్ము మీదికి, తొడల మీదికి, చెక్కల మీదికి. చీమకు కూడా వినపడనంత మెత్తగా పెట్టి, లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా బెంచీల వైపు చూశాను. మా జట్టు జట్టంతా లేచి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఫిట్టరు తల వంచాడు. ఉస్తాద్ కూడా సగం లేచి, ఎందుకు లేచాడో తెలియక అక్కడే ఆగిపోయాడు. ముందు అతనికి తెలివొచ్చింది. రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. రెఫరీ ఎర్ర జెండా ఎత్తాడు. అప్పుడు హాలు నవ్వింది. ఆ నవ్వు వెనకే గంట వాయించుకుంటూ కుల్ఫీ బండి వెళ్లిపోయింది.

ఫిట్టరు తన తరగతిలో గెలిచాడు. అయినా నా సున్నాతో జట్టు వెనకబడిపోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అని ఊరట పొందేవాణ్ణి. నడిచి వస్తుంటే ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గింత ముద్దుగ దించెటోడు ఈ షహర్‌ల ఇంకొకడు లేడు బిడ్డా" అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి బాపు గుడి తలుపు వేసి భోజనానికి కూర్చున్నాడు. అమ్మ నాకూ విస్తరి వేసింది. ఏమైందని బాపు అడిగాడు. దాచుకోవడం నాకు రాదు.

"నీ గంట నన్ను ముంచింది" అన్నాను. "ఎవడో కుల్ఫీ అమ్ముకునేటోడు గంట కొడితే దించేసిన. ఎత్తిన బాపూ, నిజంగ ఎత్తిన. పైన నిలిచింది. అందరు చూసిండ్రు. నువ్వు రోజు నా మీద గంట కొట్టి కొట్టి నా చేతులకు గదే నేర్పినవు." అంతవరకు అరిచి, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. మీసాలొచ్చిన మనిషి విస్తరి ముందు కూర్చుని ఏడవడం సిగ్గే. అయినా ఏడ్చాను. "మాట మాటే. రేపటి సంది పోను."

బాపు మజ్జిగ పోసుకుని, తిని, లేచి చేతులు కడుక్కున్నాడు.

మరునాడు సాయంత్రం నేను గుడిలో దీపాలకు నూనె పోస్తూ కూర్చున్నాను. గోడ అవతల ఉస్తాద్ గొంతు, బిళ్లలు తగిలించే చప్పుడు వినపడుతున్నాయి. చెవులు మూసుకోవాలనిపించింది. దీపాలు పెట్టడం అయింది. కర్పూరం వెలిగించి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. గంట మాత్రం మోగలేదు. వెనక్కి తిరిగి చూస్తే బాపు లేడు.

పెరట్లోకి తొంగి చూశాను. బాపు రోలు బోర్లించి, దాని మీద ఎక్కి, గోడ మీదుగా అవతలికి చూస్తున్నాడు. ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. ఇంకో చేతిలో గంట, దాని నాలుక చప్పుడు చేయకుండా పిడికిట్లో బిగించి ఉంది.

"కర్పూరం కరుగుతున్నది బాపూ."

"జర ఆగు" అన్నాడు, తల తిప్పకుండానే. "ఆ ఫిట్టరు పిల్లగాడు ఎత్తి పట్టిండు."

అవతల ఇనుము మెల్లగా చెక్కలను తాకింది. బాపు రోలు దిగి, పంచె సర్దుకుని, లోపలికి వచ్చి గంట కొట్టాడు. హారతి అయింది. నా చేతిలో తీర్థం పోస్తూ, వేరే ఏదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"నాకు రోజు రోలెక్కుడు కాదు. నువ్వు గాడనే ఉండు. నువ్వు ఎత్తినవంటే నీ మూలుగుతోనే నాకెరుక."

ఆ మరునాడు చీకటి పడే వేళ తాలీంలో కడ్డీ ఎత్తి తల మీద పట్టుకున్నాను. ఫిట్టరు గోడ వైపు చూశాడు. ఎంతసేపు పట్టుకున్నా గోడ అవతల చప్పుడు లేదు. భుజాలు మంట పుట్టేదాకా పట్టుకుని, మెల్లగా దించి, చెక్కల మీద పెట్టి చేతులు తీశాను.

అప్పుడు గంట మోగింది.